పురుగుల పోలిక: 3వ పాఠం – రెక్కల చెద, మోరీ బొద్దింక

పోయిన పాఠంలో భూతద్దం పట్టే తీరు చూశాం. ఈసారి రెండు పురుగులను పక్కపక్కన పెట్టి పోల్చడం.

సిరొంచ వైపు తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. దీపం కింద పడ్డవి ఏరొద్దు, వాటిలో రకరకాల చెదలు కలిసి ఉంటాయి. నిలువు మడతలతో ఎత్తుగా లేచిన పుట్ట దగ్గర, బయటికి వస్తున్నప్పుడే నాలుగు పట్టండి. అలాంటి పుట్టలు కట్టే చెద ఒడాంటోటెర్మిస్ ఒబీసస్. బొద్దింక సంగతి చెప్పాలా, మోరీ మూత ఎత్తితే చాలు. అది పెరిప్లానెటా అమెరికానా (పేరులో అమెరికా ఉన్నా పుట్టిల్లు ఆఫ్రికా). సీసాల్లో వేసి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి.

చాలామంది పుట్ట తవ్వి తెల్లటి శ్రామిక చెదను తెస్తారు. దానికి కళ్లుండవు, రెక్కలు రావు. దాన్ని బొద్దింక పక్కన పెడితే ఏ పోలికా కనబడదు. రెక్కలున్నదాన్ని రెక్కలున్నదానితోనే పోల్చాలి.

ముందు రెక్కలు. చెదకు నాలుగూ ఒకే కొలత, పలచన, పొట్ట దాటి బాగా వెనక్కి సాగుతాయి. మెల్లగా లాగితే మొదట్లోని గీత దగ్గర తెగి, రెక్క మొండి ముక్క చిన్నది మిగులుతుంది. బొద్దింక ముందు రెక్కలు తోలులా మందం. వాటి కింద వెనక రెక్కలు విసనకర్రలా మడిచి ఉంటాయి.

పాదంలో ముక్కలు లెక్కపెట్టండి: బొద్దింకకు 5, మన చెదకు 4. పొట్ట చివర చూస్తే రెండింటికీ జత తోకలున్నాయి. బొద్దింకవి పొడుగ్గా, కణుపులతో ఉంటాయి. చెదవి వెతికితే తప్ప దొరకని మొటికలు.

తేడాలే ఎక్కువ కదా అనుకుంటారు. ఉత్తర ఆస్ట్రేలియాలో మాస్టోటెర్మిస్ డార్వినియెన్సిస్ అనే చెద ఉంది. దాని పాదంలో 5 ముక్కలు, వెనక రెక్కకు బొద్దింకలాంటి అదనపు భాగం. గుడ్లను కూడా బొద్దింకలాగే వరుసల్లో అంటించి పెడుతుంది. మన పుట్టల చెద ఒక్కదాన్నే చూస్తే ఈ చుట్టరికం అందదు. 2007లో లండన్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూసి, చెదలు బొద్దింకల కుటుంబంలోవేనని తేల్చారు. తిండిని బట్టి, కాపురాన్ని బట్టి చుట్టరికం తేల్చొద్దని నేను పదేపదే అనేది ఇందుకే.

అభ్యాసం: మీసాలను కావాలనే వదిలేశాను. వాటి పొడవు, కణుపుల ఆకారం మీరే రాయండి. ఒక రెక్కల చీమను కూడా పట్టి ఉంచండి, నాలుగో పాఠంలో దాని నడుము చూడాలి.