మినీ ట్రాక్టర్‌కు వెనక లైట్లు బిగించడం ఎలా?

బత్తాయి తోటలో మే నెలలో పగటిపూట మందు కొట్టడం కుదరదు. నల్గొండలో ఎండ 44 డిగ్రీలకు ఎక్కితే మనిషీ నిలవలేడు, మందూ ఆకు మీద నిలవదు. పొద్దు వాలాక మొదలుపెడితే రాత్రి తొమ్మిది దాకా సాగుతుంది. ముందు హెడ్‌లైట్లు ఉంటాయి గానీ వెనక డ్రమ్ము, పైపు, కొమ్మలు అన్నీ చీకట్లోనే. అందుకని తోటలున్నవాళ్లు చాలామంది మినీ ట్రాక్టర్‌కు వెనక రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించుకుంటున్నారు.

పెట్టించుకోవడం మంచిదే, పెట్టే తీరే బాగుండదు. హెడ్‌లైట్ వైరు పైతొడుగు గీకి, కొత్త వైరు దానికి మెలిపెట్టి, పైన జానెడు టేపు చుట్టేస్తారు. ఇదేందయ్యా అని అడిగితే "ఏం గాదన్నా, పదేండ్ల సంది ఇట్లనే గడ్తున్న" అని జవాబు. అట్లా కట్టినవి విప్పి మళ్లీ కట్టడం నాకు ప్రతి ఎండాకాలం ఒక పనైపోయింది. హెడ్‌లైట్ వైరు హెడ్‌లైట్లకు సరిపోయేంతే ఉంటుంది. దాని మీద ఇంకో బరువు వేస్తే ఫ్యూజు పోతుంది, ఫ్యూజు పోతే వెనక లైట్లతో పాటు ముందు లైట్లూ ఆరిపోతాయి. అప్పుడు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఫ్యూజు బదులు దూరుస్తారు. దాని తర్వాతి సంగతి కింద చెబుతాను.

సామాను

ఒక్కో లైటు 48 వాట్లు అనుకుందాం. రెంటికీ 96. దాన్ని బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే 8 ఆంపియర్లు. ఈ లెక్క చేతికొస్తే ఏం కొనాలో అదే చెబుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల నీలం బ్లేడు ఫ్యూజు, దానికి మూతున్న హోల్డరు, నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే పెట్టె), ఒక స్విచ్చు, లగ్గులు (వైరు కొసకు బిగించే చెవులు), వైరు మీద తొడిగే ముడతల నల్ల పైపు, ప్లాస్టిక్ టైలు. లగ్గును వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్ లేకపోతే కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. పంటితో గీకి, రాయితో కొట్టి లగ్గు బిగించినవాళ్లను చూశాను.

వైరు సన్న పోగులు ఎక్కువ ఉన్నదే తీసుకోండి, ఒంటి తీగ వైరు ట్రాక్టర్ అదురుకు లోపలే విరుగుతుంది. డబ్బులు మిగులుతాయని 0.75 వైరు వేయకండి. బ్యాటరీ నుంచి వెనక్కి నాలుగు మీటర్లు పోయి తిరిగి వచ్చేసరికి 8 ఆంపియర్ల దగ్గర వోల్టున్నర దారిలోనే పోతుంది, 2.5 వైరైతే అర వోల్టులోపే. ప్లస్‌కు ఎరుపు, మైనస్‌కు నలుపు, ఇందులో బేరం లేదు. పచ్చ వైరుతో ప్లస్, ఎరుపుతో ఎర్త్ (మైనస్) కట్టినవాడి బండి నేను ముట్టను.

లైట్లు, వైరు దారి

రోల్‌బార్ ఉంటే దానికి యూ క్లాంపులతో లైట్లు బిగించండి. బార్‌కు బెజ్జం వేయవద్దు, వెల్డింగ్ పెట్టవద్దు. బండి తిరగబడితే ప్రాణం కాపాడాల్సింది ఆ పైపే. మడ్‌గార్డు మీద పట్టీ వెల్డింగ్ చేయించక తప్పకపోతే బ్యాటరీ వైర్లు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ ప్లగ్గు ముందే ఊడదీయండి.

వైరును నల్ల పైపులో దూర్చి, పాత వైర్ల కట్ట వెంబడే తీసుకెళ్లి, జానెడుకో టై వేయండి. సైలెన్సర్‌కు దూరం, క్లచ్ పెడల్ కింద వద్దు. రేకు బెజ్జంలోంచి పోయేచోట రబ్బరు బుష్ పెట్టండి.

బ్యాటరీ దగ్గర: ఇక్కడ తొందరపడొద్దు

నాలుగేళ్ల కింద చండూరు వైపు ఒక తోటలో నా కళ్ల ముందే జరిగింది. వెనక లైట్లకు ఫ్యూజు ఉంది. కానీ కట్టినాయన దాన్ని లైట్ల పక్కన పెట్టాడు, చూడ్డానికి, మార్చడానికి సులువని. బ్యాటరీ నుంచి అక్కడి దాకా మూడు మీటర్ల వైరు ఏ అడ్డూ లేకుండా పోతోంది. సీటు కింద రేకు అంచుకు రాసుకుని రాసుకుని ఒకచోట తోలు పోయింది. లోపలి రాగి తీగ పోయి రేకుకు తగిలింది. ముందు కాలిన ప్లాస్టిక్ వాసన, తర్వాత సీటు సందుల్లోంచి తెల్లటి పొగ. డ్రైవరు పిల్లగాడు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పొగ ఆగలేదు. ఆగదు, ఎందుకంటే ఆ వైరు తాళం కంటే ముందే, నేరుగా బ్యాటరీ నుంచి వస్తోంది. వాడు వైరును చేత్తో పట్టుకుని గుంజాడు. కరిగిన తోలు అరచేతికి అంటుకుంది. నేను స్పానర్ అందుకుని మైనస్ టెర్మినల్ వదులు చేసేదాకా అది కాలుతూనే ఉంది. అంతా అయ్యాక చూస్తే ఫ్యూజుకు ఏమీ కాలేదు, కొత్తదానిలా ఉంది.

ఫ్యూజు కాపాడేది వైరును. అది కూడా తన తర్వాత ఉన్న వైరునే. తనకంటే ముందు ఏం జరిగినా దానికి తెలియదు. మామూలుగా పోయేది 8 ఆంపియర్లే గానీ, వైరు రేకుకు తగిలినప్పుడు ట్రాక్టర్ బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది. సెల్ఫ్ మోటారును తిప్పే బ్యాటరీ కదా అది. అందుకే హోల్డరు బ్యాటరీ ప్లస్ నుంచి బెత్తెడు దూరంలో ఉండాలి. బెత్తెడు అంటే బెత్తెడే. "ఇక్కడ చోటు లేదు, కొంచెం అవతల పెడదాం" అన్న మాట వినకండి. చోటు లేకపోతే హోల్డరుకు చిన్న పట్టీ చేయించండి.

ఫ్యూజు సైజు కూడా వైరును బట్టే ఉంటుంది. 8 ఆంపియర్లకు 10 చాలు కదా అంటారు. లైట్లు రెండు మూడు గంటలు ఆగకుండా వెలుగుతాయి, ఇంజను పక్కన వేడి, ఆపైన మన ఎండ. 10 ఫ్యూజు ఆ వేడిలో అంచు మీద నడుస్తుంది, ఒకరోజు కారణం లేకుండానే పోతుంది. 15 పెడితే ఆ బాధ ఉండదు, 2.5 వైరు దాన్ని హాయిగా మోస్తుంది. 30 ఫ్యూజు ఆకుపచ్చగా ఉంటుంది, దుకాణంలో అదే దొరికిందని తెచ్చి పెట్టకండి. వెండి కాగితం చుడితే మాత్రం ఫ్యూజు లేనట్టే, చండూరు కథ మీ సీటు కింద మొదలవుతుంది.

ఇక పని వరుస. ముందు మైనస్ టెర్మినల్ విప్పండి, తర్వాతే ప్లస్. మైనస్ ఉండగా ప్లస్ మీద స్పానర్ వేస్తే, దాని తోక బానెట్‌కు తగిలిన క్షణం నిప్పులు రాలుతాయి. చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది అంటుకుని పేలడానికి ఆ నిప్పు చాలు. బండి నడిపి ఆపిన వెంటనే ఈ పని పెట్టుకోవద్దు, చేతికి ఉంగరం, కడియం వద్దు. బిగించేటప్పుడు దీనికి తలకిందులు: ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. ఎరుపు వైరుకు లగ్గు క్రింప్ చేసి, గుంజి చూసి, ప్లస్ క్లాంపు బోల్టు కింద పెట్టండి. బ్యాటరీ పోస్టుకు, క్లాంపుకు మధ్య వైరు ఇరికించడం చూశాను. అలా చేస్తే నెలలోపు క్లాంపు వదులై సెల్ఫ్ కూడా కొట్టదు. ఫ్యూజు ఇప్పుడే పెట్టకండి, హోల్డరు ఖాళీగా ఉండనివ్వండి.

నలుపు వైరును చాలామంది మడ్‌గార్డు బోల్టుకే కడతారు. దాని కింద రంగు, తుప్పు, ఒక్కోసారి రబ్బరు వాషరు ఉంటాయి. ఎరుపుతో పాటే నలుపునూ ముందు దాకా తెచ్చి, బ్యాటరీ మైనస్ కేబుల్ ఇంజనుకు కలిసే బోల్టు దగ్గర రంగు గీకి బిగించండి. మూడు నాలుగు మీటర్ల వైరు అదనం, అంతే.

రిలే, స్విచ్చు

రిలే కింద అంకెలు ఉంటాయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చిన ఎరుపు. 87 నుంచి లైట్లకు. 85 ఎర్త్. 86కి స్విచ్చు నుంచి సన్న వైరు. స్విచ్చుకు కరెంటును తాళం తిప్పితేనే వచ్చే ఏదైనా వైరు నుంచి, ఫ్యూజు పెట్టె దాటాక తీసుకోండి. రిలే చుట్టకు ఆంపియరులో ఐదో వంతు కూడా పట్టదు, ఆ వైరుకు బరువు కాదు. తాళం తీస్తే లైట్లు ఆరిపోతాయి, మరిచిపోయి ఇంటికెళ్లినా పొద్దున్నే బండిని నెట్టాల్సిన పని ఉండదు. ఐదు కాళ్ల రిలే ఇస్తే మధ్యలోని 87ఏ ముట్టకండి, రిలే ఆపి ఉన్నప్పుడు కరెంటు వచ్చే కాలు అది. ఇంటి గోడ స్విచ్చులు తెచ్చి బిగించకండి, దుమ్ముకు, అదురుకు ఒక సీజన్ కూడా నిలవవు. స్విచ్చు స్టీరింగుకు ఎడమవైపే ఉండాలి. కుడిచేయి థ్రాటిల్ మీద ఉంటుంది.

ఫ్యూజు పెట్టే ముందు

ఫ్యూజు హోల్డరు రెండు కొసలకు పాత ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, తగిలించండి. లైట్ల ప్లగ్గులు ఊడదీసి ఉంచి, మైనస్ టెర్మినల్ బిగించండి. బల్బు వెలగకూడదు. తాళం తిప్పి స్విచ్చు వేయండి, రిలే టక్కుమంటుంది, బల్బు అప్పుడూ వెలగకూడదు. స్విచ్చు వేయకముందే వెలిగితే రిలే దాకా ఉన్న వైరు, వేశాక వెలిగితే రిలే తర్వాతి వైరు ఎక్కడో రేకుకు తగులుతోంది. ఎంత షార్టైనా పోయేది బల్బు మోసే ఒకటి రెండు ఆంపియర్లే, కాబట్టి టెన్షన్ పడకుండా వైరు కదుపుతూ వెతకొచ్చు. దొరికాక బల్బు తీసి, నీలం ఫ్యూజు పెట్టి, ప్లగ్గులు కలపండి.

ఇంజను పని వేగంలో పెట్టి, లైట్లన్నీ వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ రెండు కొసల మధ్య చూడండి. 13 పైన నిలిస్తే ఆల్టర్నేటర్ మోస్తున్నట్టు. 12.5కి దిగి ఇంకా జారుతుంటే బ్యాటరీ ఖర్చవుతోంది, లైట్ల వాట్లు తగ్గించాలి. స్లోలో చూసి భయపడకండి, అప్పుడు చార్జింగు ఎలాగూ తక్కువే.

రోడ్డెక్కే ముందు ఈ లైట్లు ఆపండి. వెనక బైకు మీద వచ్చేవాడికి ఆ తెల్ల వెలుగు తప్ప ఇంకేం కనబడదు. వారానికొకసారి సీటు కింద వైరు చూసుకోండి. పత్తి ఏరడం అయిపోయాక ఎలుకలు షెడ్డులోకి వస్తాయి, కొత్త వైరు తోలంటే వాటికి మహా ఇష్టం. రెండు నీలం ఫ్యూజులు టూల్ పెట్టెలో వేసుకోండి.