లారీ అల్యూమినియం, స్టీలు భాగాలకు మెరుగు పెట్టడం

కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఎత్తే లారీల డీజిల్ ట్యాంకులు, బంపర్లు త్వరగా మసకబారడానికి సిమెంటు పొడే పెద్ద కారణం. ఆ పొడి తడిస్తే క్షారంగా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంలా గీతలు పెడుతుంది. అందుచేత లోహం చల్లగా ఉన్న పొద్దుటిపూట ముందుగా ధారాళంగా నీళ్లు కొట్టి, ఆ తర్వాతే షాంపూ నీళ్లతో కడగాలి.

అల్యూమినియానికి కాస్టిక్ సోడా గానీ, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ గానీ తగలనివ్వకూడదు. మసక బాగా పట్టిన ట్యాంకును 400, 800, 1500 నంబర్ల వాటర్ పేపర్లతో (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ నునుపు) తడుపుతూ వరుసగా రుద్ది, ముందటి పేపరు గీతలు పూర్తిగా పోయాకే తరువాతి దానికి వెళ్లి, చివర మెటల్ పాలిష్ పట్టించాలి. గుడ్డకు నల్లటి మడ్డి అంటుతుంది. అది పని జరుగుతోందనడానికి గుర్తే గాని లోపం కాదు. తొందరపడి 400 నుంచి నేరుగా పాలిష్‌కు దూకేవారి ట్యాంకు ఎండలో నిలబెడితే గీతలన్నీ బయటపడతాయి. పైపూత ఉన్న చక్రాల డిస్కులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, పూతే లేచిపోతుంది.

స్టీలుకు ఇంత శ్రమ అక్కరలేదు. దాని మీద సహజంగా ఉండే సన్నని చారలు ఏ వైపు ఉంటే ఆ వైపే రుద్దాలి. ఇనుప పీచు వాడితే దాని తునకలు ఇరుక్కుని తుప్పు మరకలు తేలుతాయి. బోరునీటి తెల్లమచ్చలను సమానంగా నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, వెంటనే కడిగి, మెత్తని గుడ్డతో తడి ఒత్తేయాలి. నీళ్లను వాటంతటవే ఆరనిస్తే మచ్చలు మళ్లీ వస్తాయి.