నకిలీ అప్‌డేట్ మెయిళ్లు, 4వ పాఠం: అడ్రస్‌ను కుడి నుంచి చదవండి

ఇవాళ అటాచ్‌మెంట్ల గురించి చెప్తానన్నాను. కానీ పోయిన పాఠం అభ్యాసంలో ఒక్క ప్రశ్న దగ్గరే ఎక్కువమంది బోల్తా పడ్డారు కాబట్టి ముందు దాని సంగతి తేల్చేద్దాం. నేను కల్పించి ఇచ్చిన ఈ అడ్రస్ అసలుదా, నకిలీదా అన్నదే ఆ ప్రశ్న:

సెక్యూరిటీ@మైక్రోసాఫ్ట్.కామ్.విన్‌ప్యాచ్‌చెక్.ఇన్ఫో

"మైక్రోసాఫ్ట్.కామ్ అని కనబడుతూనే ఉంది కదండీ, అసలుదే" అని మీ జవాబు. కాదు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, డొమైన్‌లో, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి భాగంలో, చివర ఉంటుంది. ఇక్కడ ఇంటిపేరు విన్‌ప్యాచ్‌చెక్.ఇన్ఫో. దాన్ని కొనుక్కున్నవాడు దానికి ఎడమవైపు ఏ పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మెయిల్ అడ్రస్ అయితే చివరి నుంచి వెనక్కి చదవండి. వెబ్ లింక్ అయితే హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న జంట గీతలు (//) దాటాక వచ్చే మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి రండి. చుక్కలతో విడిపోయిన ముక్కల్లో చివరి రెండే యజమాని. కో.ఇన్, గవ్.ఇన్ లాంటివైతే మూడు ముక్కలు. ఆ గీత తర్వాత ఎన్నిసార్లు మైక్రోసాఫ్ట్ అని రాసినా లెక్కలోకి రాదు.

సపోర్ట్.గూగుల్.కామ్ గూగుల్‌దే. గూగుల్.కామ్-సపోర్ట్.నెట్ మాత్రం ఎవడిదో, ఎందుకంటే అడ్డగీత (-) చుక్క కాదు. అక్కడ యజమాని "కామ్-సపోర్ట్.నెట్". ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఎమ్‌లా కనిపించేలా చేసేవాళ్లూ ఉన్నారు. చిన్న స్క్రీన్ మీద తేడా తెలియదు. "బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా" అని మాత్రం దయచేసి అడగొద్దు. ఆ గుర్తు దొంగ సైట్‌కీ ఉచితంగానే వస్తుంది.

ఇంత చదివాక లాగిన్.మైక్రోసాఫ్ట్‌ఆన్‌లైన్.కామ్ చూస్తే నకిలీ అనిపిస్తుంది. అది నిజంగా మైక్రోసాఫ్ట్‌దే! అంటే ఈ చదువుతో యజమాని ఎవరో తెలుస్తుంది గానీ వాడు మంచివాడో కాదో తెలియదు. పైగా పంపినవారి అడ్రస్‌నే దొంగగా రాసి పంపొచ్చు. 2003 సెప్టెంబర్‌లో స్వెన్ అనే వైరస్ మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్ వేషంలోనే మెయిళ్లలో ఊళ్లు తిరిగింది.

అందుకే నా పద్ధతి మొరటుది. అప్‌డేట్ మాట ఎత్తిన మెయిల్ అసలుదైనా సరే, దానిలోంచి ఏమీ నొక్కను. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరుస్తాను, అక్కడ లేకపోతే లేనట్టే. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు అమెరికా లెక్కన రెండో మంగళవారం వస్తాయి, మనకు ఆ రాత్రికి. క్రోమ్‌కైతే మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్.

ఇక అటాచ్‌మెంట్లు, రెండు ముక్కల్లో. 2019 నవంబర్‌లో విండోస్ అప్‌డేట్ పేరుతో వచ్చిన మెయిల్‌లో జేపీజీ అని పేరున్న ఫైల్ ఉండేది. లోపల ఉన్నది ఫొటో కాదు, సైబోర్గ్ అనే రాన్సమ్‌వేర్‌ను (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేదాన్ని) దింపే ప్రోగ్రామ్. విండోస్ మామూలుగా ఫైల్ పేరు తోకను దాచేస్తుంది కాబట్టి, "అప్‌డేట్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" (ఈఎక్స్‌ఈ అంటే ప్రోగ్రామ్) మీకు "అప్‌డేట్.పీడీఎఫ్"గా కనబడుతుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టండి. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అని వస్తే అడ్రస్ కూడా చదవక్కర్లేదు. అడోబీ 2020 చివర్లోనే దాన్ని ఆపేసింది.

అభ్యాసం: మీ స్పామ్ ఫోల్డర్‌లో 20 మెయిళ్లు తీసుకోండి. ప్రతిదాంట్లో పంపినవారి యజమాని డొమైన్, లోపలి లింక్ యజమాని డొమైన్, రెండూ కాగితం మీద రాయండి. లింక్ మీద మౌస్ ఆనించి ఉంచితే అసలు అడ్రస్ బ్రౌజర్ కింద మూలన కనబడుతుంది, నొక్కొద్దు. ఫోన్లో చేయొద్దు, వేలు జారితే లింక్ తెరుచుకుంటుంది. రెండు డొమైన్లూ కలవని వాటి పక్కన గుర్తు పెట్టి, కాగితం దాచండి. 5వ పాఠం దానిమీదే.