క్రాపీ చేపల వేట – 4వ పాఠం: నడివేసవిలో చేప ఉండే లోతును కనిపెట్టడం

గత మూడు పాఠాలలో గాలపు కర్రను, దారాన్ని ఎంచుకోవడం, ముడులు వేయడం, వసంతకాలంలో గట్టు దగ్గరకు గుడ్లు పెట్టడానికి వచ్చే క్రాపీని పట్టడం నేర్చుకున్నాము. ఈ పాఠం జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబరు వరకు, ఇద్దరు ముగ్గురు పట్టే చిన్న అల్యూమినియం పడవ మీద నుంచి చేసే వేటకు సంబంధించినది. డాలస్ పరిసరాలలోని తెలుగువారు తెల్లవారుజామున బయలుదేరి చేరుకోగల లేక్ ఫోర్క్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. సబీన్ నదికి ఉపనదిగా ఉన్న వాగు మీద ఆనకట్ట కట్టి 1980లో నీరు నింపడం మొదలుపెట్టిన ఈ జలాశయం సుమారు 27,000 ఎకరాలు ఉంటుంది. మునిగే నేలలోని చెట్లను చాలాచోట్ల నరకకుండా వదిలివేయడం వల్ల ఎండిన మానులు ఇప్పటికీ నీటిలో నిలబడి ఉన్నాయి. వేసవి క్రాపీకి ఇంతకన్నా మంచి నివాసం దొరకదు.

వసంతంలో మనం వెతికినది చోటును. వేసవిలో వెతకవలసినది లోతును. ఈ తేడా మనసుకు ఎక్కితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

కారణం నీటి అమరికలో ఉంది. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది, అడుగున ఉన్న చల్లని నీరు బరువుగా ఉండిపోతుంది, గాలి ఎంత వీచినా ఆ రెండూ కలవవు. రెండింటి నడుమ కొద్ది అడుగుల మందంలోనే ఉష్ణోగ్రత చప్పున పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది; దానిని థర్మోక్లైన్ అంటారు. ఆ పొర కింద నీటికి పైనుంచి గాలి అందదు, వెలుతురు చాలక నాచు పెరగదు, పైగా అడుగున కుళ్లే ఆకులూ బురదా ఉన్న ప్రాణవాయువును కూడా తినివేస్తాయి. అందువల్ల నడివేసవిలో 40 అడుగుల లోతున్న చోట కూడా కింది సగంలో చేప బతకడం కష్టం. తూర్పు టెక్సస్ జలాశయాలలో ఈ పొర తరచుగా 15 నుంచి 25 అడుగుల మధ్య ఉంటుంది కానీ, సరస్సును బట్టీ నెలను బట్టీ మారుతుంది కనుక ఎవరో చెప్పిన అంకెను నమ్ముకోకుండా వెళ్లిన రోజున మీరే చూసుకోవాలి. పైన మరీ వేడి, కింద ఊపిరాడని నీరు. ఈ రెండింటి మధ్య, పొరకు కొంచెం పైన, చెట్టు నీడను ఆనుకుని క్రాపీ గుంపుగా నిలబడి ఉంటుంది. అది తినే షాడ్ అనే చిన్న చేపలు కూడా ఆ మేరలోనే తిరుగుతాయి.

మన ఊళ్లలో కాలువ గట్టున కూర్చుని, వానపామును గుచ్చి, సీసం నేలకు తగిలేవరకు దారం వదిలి జెల్లల కోసం ఎదురుచూసిన అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ అలవాటుతో ఇక్కడ గాలం వేస్తే ఎర, చేపలే లేని నీటిలోకి దిగిపోతుంది, గంటల తరబడి కూర్చున్నా దారం కదలదు.

పొరను కనిపెట్టడానికి పడవకు చిన్న సోనార్ తెర, అంటే నీటిలోకి శబ్దాన్ని పంపి నేలనూ చేపలనూ తెరపై చూపే పరికరం, ఉంటే పని సులువు. లోతైన చోట పడవను నిలిపి, తెర సున్నితత్వాన్ని క్రమంగా పెంచుతూ పోతే, నేలగీతకు చాలా పైన మసకగా అడ్డంగా సాగిన పట్టీ ఒకటి కనిపిస్తుంది, అదే థర్మోక్లైన్. చేపల గుర్తులన్నీ దాని పైనే ఉండి, కింద ఖాళీగా ఉంటే ఇక సందేహం అక్కరలేదు. సోనార్ లేనివారు ఒక బతికిన మిన్నోను, అంటే ఎరగా అమ్మే చిన్న చేపను, గాలానికి గుచ్చి 30 అడుగులకు దించి కొద్ది నిమిషాల తరువాత పైకి తీయాలి. అది చచ్చి వస్తే మీరు పొర కిందికి దించారని అర్థం. మూడేసి అడుగులు తగ్గిస్తూ, ప్రతిసారీ కొత్త మిన్నోతో ఇదే చేస్తే ఎర చురుకుగా తిరిగివచ్చే లోతు తెలుస్తుంది. ఖరీదైన పరికరం లేదని ఎవరూ వెనుకాడవద్దని ఈ పద్ధతిని ప్రత్యేకంగా చెబుతున్నాను.

లోతు తెలిశాక పడవను కదలకుండా నిలపడం ముఖ్యం, ఎందుకంటే నిలువుగా దించిన దారం పడవ జరిగినకొద్దీ ఏటవాలై, ఎర మీరు అనుకున్న లోతుకన్నా పైకి తేలిపోతుంది. చెట్టుకు గాలి వచ్చే వైపున కొంత దూరంలో లంగరు వేసి, తాడు వదులుతూ చెట్టు పక్కకు జారిరావాలి. లంగరును ఎప్పుడూ పడవ ముందు భాగానికే కట్టండి. మోటారు ఉన్న వెనుక భాగానికి కడితే అటువైపు ఎత్తు తక్కువ కావడంతో అలలు లోపలికి దూకి చిన్న పడవ మునిగిపోయే ప్రమాదం ఉంది. ఎండిన మాను పెద్ద కొమ్మ కింద పడవను నిలపవద్దు. లేక్ ఫోర్క్‌లో నీటి మట్టానికి కాస్త కిందనే మొద్దులు దాగి ఉంటాయి కనుక గుర్తులు పెట్టిన పడవదారులు దాటాక మోటారును నెమ్మదిగా నడపాలి. పడవలో ప్రతి ఒక్కరికీ సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. పడవ సాగుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు దానిని తొడుక్కునే ఉండాలని టెక్సస్ చట్టం. పెద్దలు కూడా తొడుక్కోవాలని నా మనవి. వేసవి మధ్యాహ్నాలలో ఉరుము వినిపించిన వెంటనే గట్టుకు చేరండి.

ఇక ఎర దించడం. సన్నని తీగతో చేసిన 2 లేదా 4 నంబరు గాలం, 8 పౌండ్ల బరువును తట్టుకునే దారం, గాలానికి అడుగు పైన చిన్న సీసపు గుండు చాలు. మిన్నోను రెండు పెదవులూ కలిపి కింది నుంచి పైకి గుచ్చితే చాలాసేపు బతుకుతుంది. రీలు దగ్గరి దారాన్ని ఎడమచేతితో రెండడుగుల చొప్పున లాగి వదులుతూ లెక్కపెడితే, 8 సార్లకు ఎర 16 అడుగులకు చేరుతుంది. క్రాపీ కళ్లు తల పైభాగాన ఉంటాయి. అది పైనున్న ఎర కోసం ఎగబాకుతుంది గానీ కిందికి దిగి వెతకడం అరుదు. కాబట్టి తెరపై చేపలు 18 అడుగుల దగ్గర కనిపిస్తే ఎర 16 లేదా 17 అడుగుల దగ్గర నిలవాలి. ఒక చేప పడిన లోతును దారం మీద సిరా గుర్తుతోనో, బెండు వాడితే దాని పైన జారే ముడితోనో పదిలపరచుకుని మళ్లీ సరిగ్గా అక్కడికే దించండి. గాలం కొమ్మకు తగులుకుంటే దారాన్ని తిన్నగా, ఆగకుండా లాగండి. సన్నని తీగ సాగి నిటారై బయటికి వస్తుంది, దానిని శ్రావణంతో మళ్లీ వంచుకోవచ్చు.

వేసవిలో చేప తగిలినట్లు తెలియడం కొంత సాధనతో వచ్చే విద్య. అది ఎరను నోట పట్టుకుని పైకి లేస్తే కర్ర చివర వంగదు. దారమే వదులవుతుంది, బెండు పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మణికట్టుతో మెల్లగా ఎత్తండి. క్రాపీ పెదవి పొర చాలా పలుచన కనుక గట్టిగా గుంజితే చిరిగిపోతుంది, చేపను గాలంతో ఎత్తి పడవలో వేయబోయినా అంతే. చేతివలను నీటిలో ముందే ముంచి ఉంచి, చేపను దాని మీదికి నడిపించాలి.

తీసుకునే చేప విషయంలో నిబంధన స్పష్టం. లేక్ ఫోర్క్‌లో వేసవిలో 10 అంగుళాలకు తక్కువైన క్రాపీని ఉంచుకోకూడదు. తెల్ల, నల్ల రకాలు రెండూ కలిపి ఒక మనిషికి రోజుకు 25. 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. దీనికి తోడు నేను గట్టిగా కోరేది ఒకటుంది. 20 అడుగుల నుంచి వేడినీటిలోకి లాగిన చిన్న చేప లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా చాలాసార్లు బతకదు. వరుసగా చిన్నవే పడుతుంటే ఆ గుంపును విడిచి మరో చెట్టుకు వెళ్లండి. ఉంచుకునే చేపను పట్టిన వెంటనే మంచులో పెట్టాలి, నీటి బకెట్టులో ఉంచితే గంటలో మాంసం మెత్తబడుతుంది. రేవు విడిచే ముందు పడవలోని నీటినీ మిన్నోల నీటినీ పూర్తిగా పారబోయడం చట్టం; సరస్సులకు హాని చేసే జీబ్రా ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు ఆ నీటిలో కూడా ప్రయాణిస్తాయి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం: తెల్లవారిన మొదటి మూడు గంటలలో మూడు చెట్ల దగ్గర ఆగి, ప్రతిచోటా 10, 14, 18 అడుగుల వద్ద పది నిమిషాల చొప్పున ఎర దించి, చెట్టు దగ్గరి నీటి లోతు, చేప తగిలిన లోతు, వేళ ఒక పుస్తకంలో రాసుకోండి. 5వ పాఠంలో వంతెన స్తంభాల దగ్గర రాత్రిపూట దీపాలతో చేసే వేటకు ఆ లెక్కలే ఆధారం.