ఎడమ కర్ణికలో మిక్సోమా: గుర్తుపట్టడం, చెదరకుండా తీయడం

గుండెలోనే పుట్టే కణితులు అరుదు. పెద్దవాళ్లలో వాటిలో ఎక్కువగా ఎదురయ్యేది మిక్సోమా. నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే, అంటే గుండె పైభాగంలోని ఎడమ గదిలోనే పుడతాయి. రెండు కర్ణికల మధ్య గోడకు, ఫోసా ఒవాలిస్ (ఆ గోడలోని పల్చటి గుంట) దగ్గర తొడిమతో అంటుకుని వేలాడతాయి. ఇది క్యాన్సర్ కాదు. అయినా ప్రాణం తీయగలదు. ఎడమ కర్ణిక నుంచి కింది గదికి (జఠరికకు) దారిచ్చే మైట్రల్ వాల్వుకు అడ్డం పడి రక్తాన్ని ఆపేస్తుంది, లేదంటే ముక్క ఊడి మెదడుకు చేరుతుంది. అందుకే ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) కణితి కనబడ్డ రోగిని ఇంటికి పంపి తర్వాతి డేటు ఇవ్వకూడదు, అదే అడ్మిషన్‌లో ఆపరేషన్ చేసేయాలి. పరీక్షల నుంచి ఆఖరి కుట్టు దాకా ప్రతి అడుగూ కణితి చెదరకూడదన్న లెక్క మీదే నడవాలి.

అనుమానం ఎప్పుడు రావాలి

మన దగ్గర కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడ్డవాళ్లు ఎక్కువ. కాబట్టి నలభైల్లో ఉన్న మహిళ ఆయాసంతో వచ్చి, డయాస్టోల్‌లో (గుండె సడలి రక్తంతో నిండేటప్పుడు) మర్మర్ (అదనపు శబ్దం) వినిపిస్తే ఆలోచన అటే పోతుంది. ఆ మర్మర్ కూర్చోబెట్టినప్పుడు ఒకలా, పక్కకు పడుకోబెట్టినప్పుడు ఒకలా ఉంటే ఆగి ఆలోచించండి. ఒక పక్కకు తిరిగితే ఆయాసం పెరగడం, లేచి కూర్చోగానే కళ్లు తిరిగి పడిపోవడం కూడా మిక్సోమా లక్షణాలే.

కణితి ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు కలిగించే ప్రొటీన్ విడుదల చేయడం వల్ల జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత, ఎక్కువ ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కనిపిస్తాయి. వీటిని చూసి టీబీ మందులు మొదలుపెట్టడం, కల్చర్లలో ఏమీ పెరగకపోయినా ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్) అని వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇవ్వడం జరుగుతుంటుంది. ఒక్క ఎకోతో తేలిపోయే విషయం ఇది.

వయసు చిన్నది, గుండె లయ సక్రమంగా ఉంది, అయినా పక్షవాతం వచ్చింది లేదా కాలికి రక్తం ఆగిపోయింది అంటే ఎకో తప్పనిసరి. కాలి ధమని నుంచి తీసిన గడ్డను ట్రేలో పారేయకండి, 10 శాతం ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపండి. ముదురు ఎరుపు రక్తపు గడ్డకు బదులు జిగురుగా, పాలిపోయిన జెల్లీ లాంటిది బయటికొస్తే గుండెలో దాని తల్లి ఉందేమో వెతకాలి.

ఎకో రిపోర్టులో ఏం ఉండాలి

"ఎడమ కర్ణికలో కణితి" అని రాస్తే సర్జన్‌కు చాలదు. కొలతలు, తొడిమ ఎక్కడ అంటుకుంది, దాని వెడల్పెంత, కణితి ఉపరితలం నున్నగా ఉందా కుచ్చుకుచ్చులుగా ఉందా, డయాస్టోల్‌లో వాల్వు దాటి కిందికి దిగుతోందా, వాల్వు లీకు ఎంత, పల్మనరీ ప్రెషర్ (ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి) ఎంత, మిగతా మూడు గదుల్లో ఏమైనా ఉందా అనేవన్నీ రాయాలి. కుచ్చులుగా ఉన్నవే ఎక్కువగా ముక్కలవుతాయి. తొడిమ స్పష్టంగా కనబడకపోతే ట్రాన్స్ ఈసోఫేజియల్ ఎకో (అన్నవాహిక లోపలి నుంచి తీసేది) చేయాలి.

రక్తపు గడ్డతో పొరబడే ప్రమాదం ఉంది. గడ్డ సాధారణంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో (కర్ణికల లయ తప్పడంతో) పెద్దదైన కర్ణికలో, అపెండేజ్‌లోనో (కర్ణికకు ఉండే చిన్న సంచిలోనో) వెనక గోడకో ఉంటుంది. తేలకపోతే కార్డియాక్ ఎమ్మారై తీయించండి. గాడోలినియం (స్కాన్ కోసం సిరలోకి ఇచ్చే కాంట్రాస్ట్ మందు) ఇచ్చాక మిక్సోమా అక్కడక్కడా మెరుస్తుంది, గడ్డ మెరవదు. వెడల్పైన మొదలుతో వెనక గోడలోకో పల్మనరీ సిరల్లోకో చొచ్చుకుపోయి, పెరికార్డియంలో (గుండె చుట్టూ ఉండే పొరలో) నీరు కూడా చేరి ఉంటే అది సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు. అప్పుడు ప్లానంతా మారుతుంది.

సూదితో ముక్క తీసి పరీక్షించాలన్న ఆలోచన వద్దు. 40 దాటినవాళ్లకు కరోనరీలు (గుండెకు రక్తమిచ్చే ధమనులు) చూడాలి, సీటీ యాంజియోతో సరిపోతుంది. కాథ్ (ధమని గుండా సన్నటి గొట్టం పంపి చేసే పరీక్ష) చేయాల్సి వచ్చినా కాథెటర్‌ను ఎడమ జఠరికలోకి పంపకండి. పక్షవాతం వచ్చినవాళ్లకు హెపరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఇచ్చే ముందు మెదడు స్కాన్‌లో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి.

మత్తు నుంచి క్లాంప్ దాకా

మత్తిచ్చే సమయానికే పంప్‌ను (హార్ట్-లంగ్ మెషిన్‌ను) ద్రవంతో నింపి సిద్ధం చేసి, దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు పక్కనే ఉండాలి. ఈ రోగులు వెల్లకిలా పడుకోగానే బీపీ పడిపోవచ్చు. గుండె వేగం పెరగనివ్వకుండా, ఫ్లూయిడ్ తగ్గనివ్వకుండా చూసుకోవాలి.

స్టెర్నాటమీ (ఛాతీ ఎముక కోసి తెరవడం) అయ్యాక, తర్వాత గోడలో పడే రంధ్రాన్ని మూసే ప్యాచ్ కోసం పెరికార్డియం ముక్క కోసి, 0.6 శాతం గ్లుటరాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, సెలైన్‌లో మూడుసార్లు కడగాలి. హెపరిన్ కేజీకి 300 నుంచి 400 యూనిట్లు. ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 480 సెకన్లు దాటాకే పంప్ మీదకు వెళ్లాలి. ఈలోగా గుండెను ఎత్తడం, వేలితో తడిమి చూడడం పూర్తిగా మానేయాలి. రెండు వీనా కేవాలకూ (గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలకు) విడివిడిగా కాన్యులాలు (గొట్టాలు) పెట్టి, చుట్టూ స్నేర్‌తో బిగించాలి. కుడి పై పల్మనరీ సిర ద్వారా వెంట్ (గుండెలో చేరే రక్తాన్ని లాగే గొట్టం) పెట్టే అలవాటును ఇక్కడ వాయిదా వేయండి. ఆ గొట్టం నేరుగా కణితికే తగులుతుంది. అయోర్టాకు (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి) క్లాంప్ వేసి, కార్డియోప్లీజియాతో (గుండెను ఆపే ద్రవంతో) గుండె పూర్తిగా ఆగాకే కర్ణిక తెరవాలి.

తీయడం

కుడి కర్ణిక తెరిచి, అక్కడ మరో కణితి లేదని చూసుకుని, ఫోసా దగ్గర గోడను కోస్తే తొడిమ మొదలు కళ్లెదుట ఉంటుంది. కణితి పెద్దదైతే వాటర్‌స్టన్ గాడి (కుడి కర్ణికకూ కుడి పల్మనరీ సిరలకూ మధ్య బయట కనిపించే గాడి) వెనకగా ఎడమ కర్ణికనూ తెరవాలి. ఇరుకు సందులోంచి లాగితే చిట్లిపోతుంది. తొడిమ చుట్టూ 5 మిల్లీమీటర్ల నుంచి 1 సెంటీమీటరు వదిలి, గోడను పూర్తి మందంతో గుండ్రంగా కోయాలి. ఫోర్సెప్స్ కణితికి తగలకూడదు. ఆ గోడ అంచుకు 4-0 కుట్టు వేసి, దాన్ని పట్టుకుని పైకి తేవాలి. మెత్తటి కణితి అయితే కింద స్టెరైల్ చెంచా పెట్టి ఎత్తండి.

గోడ కోసేటప్పుడు తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఫోసా అంచు దాటి పైకి, వెనక్కి వెళ్తే కొవ్వు కనిపిస్తుంది; అంటే గుండె బయటికి వచ్చేశారన్నమాట. కరోనరీ సైనస్ (గుండె సొంత సిర కుడి కర్ణికలో తెరుచుకునే చోటు) వైపు జరిగితే కర్ణికల నుంచి జఠరికలకు సంకేతం అందించే ఏవీ నోడ్ దెబ్బతిని హార్ట్ బ్లాక్ (ఆ సంకేతం ఆగిపోవడం) వస్తుంది. తొడిమ మధ్య గోడకు కాక కర్ణిక గోడకు ఉంటే ఎండోకార్డియంతో (గుండె లోపలి పొరతో) సహా చెక్కి, మొదలును కాటరీతో కాల్చాలి.

కణితి బయటికొచ్చేదాకా ఆ రక్తాన్ని పంప్ సక్షన్‌తో లాగకండి, ముక్కలు మళ్లీ ఒంట్లోకే పోతాయి. ఆపరేషన్ థియేటర్ గోడకున్న మామూలు సక్షన్‌తో లాగి, ఆ రక్తాన్ని పారేయాలి. తర్వాత కర్ణికనూ, వాల్వు గుండా జఠరికనూ చల్లటి సెలైన్‌తో ధారాళంగా కడగాలి. జఠరికలో కార్డే తంతువుల (వాల్వు రెక్కలను పట్టి ఉంచే దారాల) మధ్య జెల్లీ పీచులు ఇరుక్కుని ఉంటాయి, తొందరపడితే కనబడవు. వాల్వును సెలైన్‌తో నింపి లీకు చూడండి. చాలాకాలం కణితి దిగడం వల్ల వాల్వు చుట్టూ ఉన్న వలయం వెడల్పై ఉంటే రింగు వేయాలి. ప్యాచ్‌ను 4-0 పాలీప్రొపిలీన్‌తో కుట్టి, గాలి పూర్తిగా తీసి, క్లాంప్ వదిలాక ఎకోలో ప్యాచ్ లీకు లేదని చూశాకే పంప్ ఆపాలి.

ఆ తర్వాత

మొదటి రోజుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తరచూ వస్తుంది. గుండెను అవసరమైతే కరెంటుతో కొట్టించే తాత్కాలిక పేసింగ్ వైర్లు ఉంచండి. జ్వరం, ఈఎస్‌ఆర్ వాటంతటవే తగ్గుతాయి. మళ్లీ పెరిగితే ఎకో తీయండి. డిశ్చార్జికి ముందు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఎకో అవసరం. సాధారణ మిక్సోమా తిరిగి రావడం నూటికి ఒకటి నుంచి మూడు మాత్రమే.

రోగి చిన్న వయసువాడైనా, కణితులు ఒకటికి మించి ఉన్నా, పెదవుల మీద, కనురెప్పల మీద గోధుమరంగు మచ్చలున్నా కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. దానికి కారణమయ్యే పీఆర్‌కేఏఆర్1ఏ జన్యువు పరీక్ష చేయించాలి. వీళ్లకు కణితి మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, వేరే గదిలోనూ రావచ్చు. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఏ లక్షణమూ లేకపోయినా ఎకో చేయించాలి.