ఎస్‌జీపీటీ నార్మల్, అయినా కాళ్ళు వాస్తున్నాయా? ప్లేట్‌లెట్లు చూడండి

సమస్య: రోజూ మందు తాగే మనిషి. హెల్త్ చెకప్‌లో లివర్ రక్తపరీక్ష ఎస్‌జీపీటీ 38, నార్మలే. లివర్ బాగుంది, పాడైనా మళ్ళీ పెరుగుతుంది కదా అని ధైర్యం. కొన్నాళ్ళకు సాయంత్రమయ్యేసరికి కాళ్ళ వాపు, పొట్ట బిగువు. గాజువాక నుంచి వచ్చినా మధురవాడ నుంచి వచ్చినా ఇదే ఫైలు, ఒక్కరూ రెండో పేజీ తిప్పరు.

దయచేసి తిప్పండి. సీబీసీలో (రక్తకణాల లెక్క పరీక్ష) ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు ఉన్నాయా? ఎస్‌జీఓటీ (ఇంకో లివర్ ఎంజైము) ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉందా? లివర్ తయారుచేసే ప్రోటీన్ ఆల్బుమిన్ 3.5 కంటే దిగిందా? ప్లేట్‌లెట్లు తగ్గితే మన విశాఖలో వెంటనే డెంగీ అనేస్తారు. జ్వరం తగ్గి నెలయ్యాక కూడా పెరగకపోతే అది డెంగీ ఖాతాలో వేయకండి.

కారణం: ఎస్‌జీపీటీ అనేది కణం దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైము, అంతే. కారడానికి కణాలే తగ్గిపోతే అంకె కూడా తగ్గుతుంది, పైగా తాగేవాళ్ళలో బి6 కొరత మామూలు, అది తక్కువైతే ఎస్‌జీపీటీ సరిగ్గా పెరగదు. లోపల మాత్రం మద్యం అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి ప్రోటీన్లకు అతుక్కుంటుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉబ్బుతాయి, కణం కొవ్వు బొట్లతో నిండుతుంది, కొత్త కణాలు విభజన చెందకుండా మద్యమే అడ్డుపడుతుంది, ఈలోగా లివర్‌లోనే ఉండే స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ మచ్చ వేస్తూ పోతాయి. లివర్ దానం చేసినవాళ్ళకు సగం పైన కోసినా నెలల్లో పెరిగే మాట నిజమే, కానీ అక్కడ మిగిలింది ఆరోగ్యమైన ముక్క. మచ్చకట్టిన లివర్‌లో కణాలు పెరగడం గట్లూ కాలువలూ చెరిగిన మడిలో నారు వేయడమే. గడ్డలుగా పెరుగుతాయి, రక్తం సాగదు, ఆ ఒత్తిడికి ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది.

పరిష్కారం: అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్), గ్యాస్ట్రో డాక్టరు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. మద్యం పూర్తిగా మానాలి. "బీరే కదా" అనకండి, 7 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. అంటే 30 మి.లీ. విస్కీ పెగ్గులు మూడున్నర. కొవ్వు దశలోనే అయితే వారాల్లో కరుగుతుంది, మచ్చ పడ్డాక కూడా మానితే ఆయుష్షు పెరుగుతుంది. రోజూ తాగేవాళ్ళు డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపొద్దు, వణుకు, ఫిట్స్ రావచ్చు. మద్యం మానే రోజుల్లో పారాసెటమాల్ కూడా అడిగే వేసుకోండి.

విల్సన్ జబ్బు (లివర్‌లో రాగి పేరుకోవడం), ఐరన్ పేరుకోవడం లాంటివి అరుదు, అవి డాక్టరు చూసుకుంటారు.

రక్తపు వాంతి, తారులాంటి నల్ల విరేచనం, మాట తడబడటం, రాత్రి నిద్ర పగటికి మారడం, ఇవి కనిపిస్తే ఫైలు వెతుక్కోకుండా నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.