తోలుబొమ్మ తీరులో కాగితపు జటాయువు

ఏడేళ్లు దాటిన పిల్లలు ఒక పూటలో చేసేయొచ్చు. మందపు చార్టు వద్దు, వెలుగు దాన్ని దాటదు. మామూలు జిరాక్స్ కాగితాలు రెండు చాలు.

ఒకదాని మీద పక్కకి తిరిగిన ఒళ్లు, 20 సెంటీమీటర్లు. తోలుబొమ్మల్లోలాగే కన్ను పెద్దగా, చేప ఆకారంలో గీయించండి. రెండోదాని మీద 15 సెంటీమీటర్ల రెక్కలు రెండు. రంగులకి స్కెచ్ పెన్నులే వాడాలి. క్రేయాన్ మైనం నూనె తగిలితే అలుక్కుపోతుంది. కత్తిరించాక, రెక్కలు ఒంటికి కలిసే చోట, ఒంటికీ రెక్కలకీ విడివిడిగా, రెండువైపులా సెలోటేపు అంటించండి. ఇది నూనె కంటే ముందే జరగాలి, జిడ్డు మీద టేపు నిలవదు.

ఇప్పుడు అసలు పని. అర చెంచా కొబ్బరినూనె దూదితో వెనకవైపు రాసి, పాత పేపర్ల మధ్య గంటసేపు అదమండి. కాగితంలోంచి వెలుగు దాటుతుంది. నూనె ఎక్కువైతే తెరకి మరకలే. ఈకల అంచున, మెడ చుట్టూ దబ్బనంతో వరసగా చిల్లులు పొడవాలి (ఇది పెద్దవాళ్ల పని, కింద మడతపెట్టిన దుప్పటి ఉండాలి). తెర మీద అవి నగల్లా మెరుస్తాయి.

టేపు ఉన్నచోట చిల్లుపెట్టి, దారం రెండువైపులా ముడేయండి. బిగిస్తే రెక్క కదలదు. ఒక రెక్కకి జారుముడి వేస్తే రావణుడు నరికే ఘట్టంలో లాగెయ్యొచ్చు, పిల్లలకి అదే సరదా. వెదురుపుల్లని నిలువునా చీల్చి, మధ్యలో బొమ్మని ఇరికించి కట్టండి.

తెరకి తెల్ల పంచె, వెనక రెండడుగుల దూరంలో ఫోన్ లైటు. బొమ్మ బట్టకి ఆనాలి, దూరమైతే రంగులు మసకబారతాయి.